పార్లమెంటులో ఒక ఎంపీ జీరో అవర్‌లో (ఎంపీలు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం) లేచి అక్రమ వలసలు, పోలీసు సిబ్బంది కొరత, ప్రజాభద్రత గురించి మాట్లాడితే శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాలకు ఏమైనా ఒరుగుతుందా? బయటి నుంచి మన దగ్గరికి వచ్చేవాళ్ళ సంగతేమిటి?

ఒరుగుతుంది. కాకపోతే మీరు ప్రశ్నలో చెప్పినట్టు జీరో అవర్‌లో లేచి అక్రమ వలసలు, పోలీసుల కొరత, జనం భద్రత మూడింటినీ ఒకే ఊపులో చెప్పేసి కూర్చుంటే ఏమీ ఒరగదు. రాతపూర్వకంగా ప్రశ్న వేయాలి. అదీ మన కుర్రాళ్ళు దేశం దాటి వెళ్ళే దారి గురించి వేయాలి. ఇది నా గట్టి అభిప్రాయం, ఎందుకో చెబుతాను.

నాకు కంచిలి దగ్గర జిరాక్స్, ఇంటర్నెట్ కొట్టు ఉంది. పద్నాలుగేళ్ళుగా పాస్‌పోర్ట్ దరఖాస్తులు నింపుతున్నాను. ఉద్దానంలో, అంటే మా శ్రీకాకుళం తీరం వైపు పల్లెల్లో, ఏ ఇంటి కుర్రాడు ఏ దేశంలో ఉన్నాడో ఆ వీధివాళ్ళ కంటే ముందు నాకే తెలుస్తుంది. వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు, రిగ్గర్లు, గ్యాస్ కట్టర్లు, స్కఫోల్డింగ్ పనివాళ్ళు. నెలకు ఎంతమంది వస్తారో లెక్క రాసుకోలేదు గానీ, సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలు మాత్రం నాకు భోజనానికి ఇంటికి వెళ్ళే తీరిక ఉండదు.

అందుకే పార్లమెంటులో ఎవరైనా వలస అనగానే చేతిలో పని ఆపి వింటాను. రెండో వాక్యానికే ఉసూరుమంటుంది. వాళ్ళు మాట్లాడేది ఎప్పుడూ బయటి నుంచి లోపలికి వచ్చేవాళ్ళ గురించే. మన భాషలో ఉన్నది ఒక్కటే మాట. తేలినీలాపురం వచ్చే పక్షులదీ వలసే, చెన్నైలో మేస్త్రీ దగ్గర పనికి పోయే మా వీధి జంటదీ వలసే, గల్ఫ్‌కు పోయేవాడిదీ వలసే. చట్టాలు మాత్రం వేరు. లోపలికి వచ్చే విదేశీయుల కోసం 2025లో కొత్త చట్టం తెచ్చారు. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు పాత చట్టాలను తీసేసి ఒక్కటి చేశారు. ఏప్రిల్‌లో రాష్ట్రపతి సంతకం అయింది, సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే అయిదేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. మంచిదే, గట్టిగా ఉండాల్సిందే.

మరి బయటికి వెళ్ళే మనవాళ్ళను మోసం చేసినవాడికి? దానికున్నది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. లైసెన్స్ లేకుండా మనుషుల్ని విదేశాలకు పంపే ఏజెంటుకు రెండేళ్ళ దాకా జైలు, జరిమానా 2,000 రూపాయల దాకా. నేను సున్నాలు తప్పుగా రాయలేదు. రెండు వేలే.

ఈ చట్టం సంగతి నాకు తెలిసిన తీరు చెప్పాలంటే మా మేనల్లుడి కథ చెప్పాలి.

మా అప్ప కొడుకు. మా వైపు అక్కను అప్ప అంటాం. బావకు ఎకరంన్నర కొబ్బరితోట ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక తోటలో నిలబడి చూస్తే అవతలి ఊరి గుడి కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు, చెట్లు అడ్డం ఉండేవి కదా. కొబ్బరి మళ్ళీ నాటితే కాపు పట్టడానికి ఆరేడేళ్ళు. ఈలోగా ఇల్లు గడవాలి. పిల్లోడు పదో తరగతి తప్పాడు. చెన్నైలో రెండేళ్ళు ఉండి వెల్డింగ్ నేర్చుకున్నాడు. చేతిలో పని ఉంది, సర్టిఫికెట్ లేదు.

పది పాసవ్వని వాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడుతుంది. అంటే గల్ఫ్ దేశాలు, మలేసియా లాంటి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళాలంటే ముందు ప్రభుత్వం దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ ద్వారా వెళ్తే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పేరు ఎక్కుతుంది, జీతం ఎంతో కాగితం మీద ఉంటుంది, 10 లక్షల బీమా ఉంటుంది. ఏజెంట్ తీసుకోవాల్సిన ఫీజు 30,000, దాని మీద జీఎస్టీ. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు. మా అప్ప కట్టింది 1,40,000. పుస్తెలతాడు తాకట్టు పెట్టి కొంత, నూటికి రెండు రూపాయల వడ్డీకి కొంత.

2024 మార్చిలో వాడి వీసా కాగితం ప్రింట్ తీసింది నేనే. దాని మీద విజిట్ అని ఉంది. ఉద్యోగ వీసా కాదు. అడిగాను. "అక్కడికెళ్ళాక మార్చేస్తారట మావా, అందరూ అలాగే ఎల్తన్నారు" అన్నాడు. ఏజెంట్ వాడికి ఇంకో పాఠం కూడా చెప్పాడట, ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్ళు అడిగితే ఊరు చూడటానికి వెళ్తున్నానని చెప్పమని. నేను పది రూపాయలు తీసుకుని ప్రింట్ ఇచ్చేశాను. ఆ పది రూపాయలు ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉన్నాయి.

దుబాయ్‌లో దిగాక నెలన్నర ఏవో చిల్లర పనులు చేయించారు. తర్వాత అదీ లేదు. వీసా గడువు అయిపోయింది. పాస్‌పోర్ట్ వాళ్ళే పట్టుకున్నారు. ఒక గదిలో పద్నాలుగు మంది. వాడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సెప్టెంబరు చివర్లో ఒకరోజు నాకు వాట్సాప్‌లో వాయిస్ పంపాడు. దాన్ని నేను దాచలేకపోయాను, మా అప్పకు వినిపించాను.

దసరాకు వారం ముందు ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. ఏ స్టేషనో చెప్పను, ఇక్కడ అది అనవసరం. రాత్రి ఎనిమిదిన్నర. స్టేషన్‌లో సగం మంది ఎవరో పెద్దమనిషి పర్యటనకు బందోబస్తు వెళ్ళారు. ఒక హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు, రిటైర్మెంట్‌కు దగ్గరలో ఉన్న మనిషి. వైర్‌లెస్ సెట్ గరగరలాడుతోంది. బల్ల మీద అద్దం కింద వెంకటేశ్వరస్వామి బొమ్మ, దాని చుట్టూ ఫోన్ నంబర్లు రాసిన చీటీలు. రిజిస్టర్‌కు కట్టిన దారానికి పెన్ను వేలాడుతోంది.

విషయం విని ఆయన అన్న మొదటి మాట, "ఏజెంట్ ఇల్లు మా లిమిట్స్‌లో లేదు, అటు పక్క స్టేషన్‌కు వెళ్ళండి." అది నలభై కిలోమీటర్లు. నేను ఫోన్ తీశాను. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు కొత్త నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది, దాని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ హద్దులో జరిగినా ఏ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అది చూపించాను. ఆయన కోప్పడలేదు. "తెలుసు బాబూ. మాకూ ట్రైనింగ్ ఇచ్చారు. రాయడానికి మనిషేడి?" అన్నాడు. ప్రింటర్‌లో కాగితాలు కూడా లేవన్నాడు. నా సంచిలో ఎప్పుడూ ఒక కట్ట ఏ4 ఉంటుంది. తీసి బల్ల మీద పెట్టాను.

మా అప్ప అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ తీసుకుని ఆ వాయిస్ పెట్టింది. "మావా, ఇక్కడ పనీ లేదు ఏటీ లేదు. పాస్‌పోర్ట్ ఆళ్ళకాడే ఉంది. రెండు రోజులకోపాలి తింటన్నాం. అమ్మకి చెప్పకు మావా." అంతే, ఇరవై సెకన్లు ఉంటుంది. స్టేషన్‌లో ఆ గొంతు మోగింది. ఆ హెడ్ కానిస్టేబుల్ మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నా చిన్నోడు కూడా ఖతార్‌లో ఉన్నాడమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆయనే కుర్చీ లాక్కుని రాయడం మొదలుపెట్టాడు.

రాస్తూ నన్ను అడిగాడు, "మీరేమవుతారు?" మేనమామనన్నాను. "అయితే మీ పేరుతో వద్దు, తల్లి పేరుతో రాద్దాం, గట్టిగా నిలుస్తుంది." అప్పుడు అర్థం కాలేదు. మర్నాడు సోంపేటలో తెలిసిన వకీలును అడిగితే చెప్పారు. 1983 చట్టం కింద ఏజెంట్ మీద కేసు నడపాలంటే ముందు కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. మోసపోయినవాడు స్వయంగా గానీ, వాడి తరపున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, సంరక్షకుడు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. ఆ వరసలో మేనమామ లేడు. పిల్లకు చెవులు కుట్టించే దగ్గర నుంచి పెళ్ళిబుట్ట మోసే దాకా మేనమామ లేనిదే మన ఇళ్ళల్లో ఏ కార్యం జరుగుతుంది? ఆ చట్టం రాసిన ఢిల్లీలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తండ్రి లేని పిల్లలు, తల్లి మంచాన పడ్డ పిల్లలు మా ఉద్దానంలో ఎంతమంది! కిడ్నీ జబ్బు ఇక్కడ ఎన్నో ఇళ్ళల్లో మనుషుల్ని పట్టుకుంది. అలాంటి ఇళ్ళల్లో స్టేషన్ మెట్లెక్కేది మేనమామో, బాబాయో, బావమరిదో.

మా అప్ప సంతకం చేసింది. డ్వాక్రా గ్రూపులో నేర్చుకున్న సంతకం. అక్షరం అక్షరం విడివిడిగా, కాగితం చిరిగిపోతుందేమో అన్నంత గట్టిగా నొక్కి రాసింది.

తర్వాత ఏమైందో త్వరగా చెప్పేస్తాను. చీటింగ్ కేసు పెట్టారు. ఏజెంట్ పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చి 90,000 తిరిగి ఇచ్చాడు, మిగతా 50,000 పోయినట్టే. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా నేనే ఫిర్యాదు పెట్టాను. చివరికి పిల్లోడు ఇంటికి వచ్చిందెలాగంటే, గడువు దాటిన వీసాలవాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చని దుబాయ్ ఉన్న యూఏఈ దేశం 2024 సెప్టెంబరు 1 నుంచి క్షమాభిక్ష పెట్టింది. మొదట అక్టోబరు చివరిదాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. నవంబరులో వాడు విశాఖలో దిగాడు. మన చట్టం కాపాడలేదు వాణ్ణి, పరాయి దేశం దయతలచింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆ ఎంపీ జీరో అవర్‌లో మాట్లాడితే మంత్రి అక్కడికక్కడ సమాధానం చెప్పి తీరాలనేం లేదు. లోక్‌సభ 377వ నియమం కింద లేవనెత్తితే ఎప్పటికో ఉత్తరంలో జవాబు వస్తుంది. ప్రశ్న వేస్తే మాత్రం తప్పించుకోలేరు. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు నోటితో, 230 ప్రశ్నలకు రాతతో జవాబివ్వాలి. ఆ 230లో ఒకటి చాలు నాకు. టీవీలో రాదు, రీల్ అవదు, ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ మంత్రిత్వ శాఖ సంతకంతో ఒక అంకె బయటికి వస్తుంది, దాన్ని పట్టుకుని మా జిల్లా ఎస్పీ గారిని, కలెక్టర్ గారిని అడగొచ్చు.

పోలీసుల గురించి అడిగితే ఇంకో చిక్కు ఉంది. హోం శాఖ ఇచ్చే జవాబులో మొదటి వాక్యం నాకు కంఠతా వచ్చేసింది: పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోని అంశాలు. రాజ్యాంగంలో అలాగే ఉంది, అబద్ధం కాదు. కానీ దేశం దాటి వెళ్ళడం, పాస్‌పోర్టులు, వీసాలు కేంద్ర జాబితాలో 19వ అంశం. అక్కడ ఢిల్లీ చేతులు దులుపుకోవడానికి లేదు. కాబట్టి తెలివైన ఎంపీ ఎవరైనా పోలీసుల్ని ఆ తలుపు నుంచి లాగాలి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి లైసెన్స్ లేని ఏజెంట్ల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి? కేసు నడపడానికి ఎన్నింటికి అనుమతి అడిగారు, ఎన్నింటికి ఇచ్చారు? ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద విజిట్ వీసాతో వెళ్ళి గడువులోపు తిరిగి రానివాళ్ళు ఎంతమంది? 2,000 జరిమానా ఎప్పుడు మారుస్తారు? 2025లో విదేశాలకు వెళ్ళే వలసల మీద కొత్త బిల్లు ముసాయిదా జనం ముందు పెట్టారు. అందులో మేనమామ మాట ఎవరైనా అడిగారా?

ఆ 18 దేశాల జాబితా కూడా పాతబడిపోయింది. 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియా ముఠాను బయటపెట్టారు గుర్తుందా, డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించిన కేసు. కంబోడియా ఆ జాబితాలో లేదు. మయన్మార్ కూడా లేదు. అంటే ఉద్యోగం కోసం వెళ్తున్నానని నిజం చెప్పి వెళ్ళినా ఆపి అడిగే దారి లేదు. జనం భద్రత అంటే నాకు ఇదే. మన ఊరి కుర్రాణ్ణి అక్కడ గదిలో పెట్టి తాళం వేసి, వాడి చేతే మన ఊరి పంతులు గారి ఖాతా ఖాళీ చేయిస్తుంటే, ఆ నేరం లోపలిదా, బయటిదా?

సిబ్బంది కొరత గురించి ఆ ఎంపీ అన్నది మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. తుది ఫలితాలు వచ్చింది 2025 ఆగస్టులో. మధ్యలో దాదాపు మూడేళ్ళు. ఆ దరఖాస్తులు కూడా నా కొట్టులోనే నింపాను. పొద్దున్నే బీచ్‌లో పరిగెత్తి ప్రాక్టీస్ చేసిన పిల్లలు. ఏడాది ఆగి, రెండేళ్ళు ఆగి, మళ్ళీ నా కొట్టుకు వచ్చారు కొందరు, ఈసారి పాస్‌పోర్ట్ కోసం. స్టేషన్‌లో రాయడానికి మనిషి లేకపోవడం, ఆ మనిషి కావాల్సినవాడు అప్పుచేసి విమానం ఎక్కడం, రెండూ ఒకే కథ. ఉన్న నలుగురైదుగురినీ జాతరకు, ముఖ్యుల పర్యటనకు, ధర్నాకు, కోర్టు సమన్లకు, పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కు తిప్పితే ఏజెంట్ ఇంటికి ఎవరు వెళ్తారు?

బయటి నుంచి వచ్చేవాళ్ళ సంగతి కూడా అడిగారు కాబట్టి ఒక మాట. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో, భోగాపురం ఎయిర్‌పోర్ట్ పనుల్లో బీహార్, జార్ఖండ్, ఒడిశా పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళు విదేశీయులు కారు, మన దేశం వాళ్ళే. అయినా ఏ చిన్న దొంగతనం జరిగినా మన వాట్సాప్ గ్రూపుల్లో మొదట వాళ్ళ మీదే పడతారు. దుప్పట్లు అమ్ముకునే హిందీ కుర్రాణ్ణి పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని చెట్టుకు కట్టేయబోతే మా వీధివాళ్ళం అడ్డుపడ్డాం. ఆ కుర్రాడి చేతిలో కూడా ఒక ఫోన్, అందులో వాళ్ళమ్మ ఫొటో. కాంట్రాక్టర్ తన పనివాళ్ళ జాబితా ఇవ్వాలని 1979 నుంచీ చట్టాల్లో ఉన్న మాటే. ఆ జాబితా అడగండి కాంట్రాక్టర్‌ను. టీకొట్టు దగ్గర పిల్లల్ని ఆపి ఆధార్ అడగడం పోలీసింగ్ కాదు.

మన మత్స్యకారుల్ని కూడా మరిచిపోవద్దు. గుజరాత్ వేరావల్‌లో బోట్ల మీద కూలికి వెళ్ళి, 2018 నవంబరు చివర్లో పాకిస్తాన్ వాళ్ళకు చిక్కిన ఉత్తరాంధ్ర మనుషులు 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. ఏడాదికి పైగా జైలు. మన తీరంలో వేటకు తగ్గ జెట్టీలు ఉంటే వాళ్ళు అంతదూరం ఎందుకు వెళ్తారు? ఇది కూడా వలస ప్రశ్నే. ఏ ఎంపీ అయినా భద్రత అన్నప్పుడు జెట్టీ కూడా అడగాలని నా కోరిక.

మేనల్లుడు ఇప్పుడు పలాసలో ఒక గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డులో పనిచేస్తున్నాడు. పది పరీక్ష మళ్ళీ కట్టాడు, ఓపెన్ స్కూల్లో. పాసయితే పాస్‌పోర్ట్ మీద ఆ ఈసీఆర్ పోతుందట, మళ్ళీ వెళ్తాడట. వద్దని నేను అనలేదు. పుస్తెలతాడు ఇంకా తాకట్టులోనే ఉంది.

మా అప్ప మాత్రం ఊళ్ళో ఎవరింట్లో పాస్‌పోర్ట్ మాట వినిపించినా ముందు నా కొట్టుకు పంపుతుంది. ఏజెంట్ పేరు, లైసెన్స్ నంబరు ఈ-మైగ్రేట్‌లో కొట్టి చూస్తాను, దానికి డబ్బు తీసుకోను. నిన్న ఇద్దరు వచ్చారు. ఒకడి ఏజెంట్‌కు లైసెన్స్ ఉంది. రెండోవాడి ఏజెంట్ పేరు ఎంత వెతికినా లేదు. వాడు మొన్ననే 80,000 కట్టేశాడు.